మన విద్యార్థులు ఉప్పునీటిని ఏల చూడవలెను?

మన ఆర్మూరు పట్టణమున పసుపును ఎఱుగని బాలుడు లేడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూచి, సరకు మంచిదగునో కాదో చెప్పగలవారు ఎనిమిదవ తరగతిలోనే పలువురు కలరు. దుంపను త్రవ్వుట, ఉడికించుట, ఎండబెట్టుట, మెరుగుపెట్టుట, అంగడికి చేర్చుట, ధర పడిపోయిన నాటి రాత్రి తండ్రి మౌనముగా కూర్చుండి లెక్కలు వేసికొనుట, ఇవియన్నియు వారి కన్నులయెదుట జరుగునవే. కాని ఆ పసుపుతోపాటు ప్రతిదినమును కూరలో పడు ఉప్పును గూర్చి వారిని అడిగి చూడుడు. దుకాణమునుండి వచ్చునని కొందఱు చెప్పుదురు. సముద్రమునుండి వచ్చునని చెప్పువారును సముద్రమును చూచి చెప్పువారు కారు. పాఠ్యపుస్తకమును చూచి చెప్పువారే.

ఏటేట విహారయాత్ర మాట వచ్చినప్పుడెల్ల మన పాఠశాలలో వినవచ్చు పేర్లు కొన్ని కలవు. హైదరాబాదు నగరము, అందలి కోట, వస్తుప్రదర్శనశాల, జంతుప్రదర్శనశాల, వినోదవనములు. ఇవి చూడదగినవి కావని నేననను. కాని వానిని మన బాలురు నేడు కాకున్న రేపైనను చూతురు. చదువునకో, ఉద్యోగమునకో, వైద్యమునకో నగరమునకు పోక తప్పని కాలమిది. ఎవ్వరును తీసికొనిపోనిదే తమంతట పోజాలని చోటికి తీసికొనిపోవుటయే పాఠశాల చేయవలసిన పని. కావున పై తరగతుల బాలబాలికలను ఒక పర్యాయము పులికాటు సరస్సునకు తీసికొనిపోవలయునని నా అభిప్రాయము. అంతకంటె ముఖ్యముగా, అచ్చటికి ఎట్లు పోవలెనో తెలిసికొని పోవలయునని నా మనవి.

"ఉప్పునీటిలో చూచుటకేమున్నది?" అని పెద్దలు అడుగవచ్చును. ఈ ప్రశ్న మన నేలలో పుట్టినదే. లోతట్టు సేద్యగాండ్రమగు మనకు ఉప్పు తగిలిన నీరు చెడ్డ నీరు. బావి ఉప్పనైన బెంగపెట్టుకొందుము. పంట పండని నేలను చవిటినేల యందుము. పనికిరాని మనుష్యునికి కూడ ఆ పేరే పెట్టుదుము. పోచంపాడు వద్ద గోదావరిని ఆపి కట్టిన శ్రీరామసాగరపు తియ్యని నీరు మనకు అన్నము పెట్టుచుండగా, ఉప్పునీటిని గౌరవించు అవసరము మనకు కలుగలేదు. అయినను ఆ గోదావరియే రాళ్లను, మట్టిని ఒరసికొనిపోవుచు వానిలోని లవణములను అణువణువుగా మోసికొనిపోయి అంతర్వేది కడ సముద్రమున కలుపుచున్నది. సూర్యుడు నీటిని మాత్రము ఆవిరిగా ఎత్తికొనిపోవును, లవణము నిలిచిపోవును. కోట్ల సంవత్సరములు ఇట్లు జరిగినందున సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు చేరియున్నవి. మన ఊరగాయ జాడీలో మన పసుపు ఆ ఉప్పును కలిసికొనుచున్నది. కావున తీపునీరు, ఉప్పునీరు పరస్పరము శత్రువులు కావు. ఒకే దారియొక్క రెండు కొనలు.

ఆ రెండు కొనలును ఒకదానితో ఒకటి కలియు తావు పులికాటు. ఆంధ్రప్రదేశమునకు దక్షిణపు అంచున, ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో నుండి 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేట, తడ ప్రాంతములయందు ఈ సరస్సు వ్యాపించియున్నది. దీని దక్షిణభాగము తమిళనాడునకు చెందినది. ఒడిషాలోని చిలక సరస్సు తరువాత మన దేశమున ఇంత పెద్ద ఉప్పుకయ్య మఱియొకటి లేదు. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు. నీరు తగ్గినప్పుడు 250, నిండినప్పుడు 450 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనును. ఇంత విశాలమైనను లోతు మాత్రము స్వల్పము. చాలచోట్ల మనుష్యుడు నిలుచుండిన నడుము దాటదు. సముద్రమునకును సరస్సునకును నడుమ శ్రీహరికోట దీవి ఒక గోడవలె నిలిచియున్నది. ఇచ్చటి తెలుగువారు ఈ జలమును ప్రళయకావేరి యని పిలుచుచు వచ్చిరి. ఈ దీవుల జీవనమును ఆ సీమ పలుకుబడితోనే చెప్పిన స. వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" మన గ్రంథాలయమున నుండదగిన పుస్తకము. యాత్రకు ముందు దానిని తరగతిలో చదివించుట మేలు.

చరిత్రపాఠమునకును ఇచ్చట కొఱత లేదు. 17వ శతాబ్దారంభమున డచ్చివారు ఈ సరస్సు దక్షిణపు కొనలోని పళవేర్కాడులో గెల్డ్రియా అను కోటను కట్టుకొని, తూర్పుతీరపు వస్త్రములను దేశదేశములకు పంపిరి. వస్త్రములతోపాటు మనుష్యులను కూడ బానిసలుగా ఓడలకెక్కించిరను మాటను మనము దాచరాదు. ఉత్తరపు దిక్కున దుర్గరాజుపట్నమున 1626లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థానమును నెలకొల్పిరి. మద్రాసు పట్టణమునకు పునాది పడినది దాని తరువాతనే. సరస్సు గుండ సాగు బకింగ్‌హాం కాలువ 1876–78 నాటి మహాక్షామమున ఆకటితో మాడుచున్న ప్రజలచే త్రవ్వించి పొడిగింపబడినది. ఆ కాలువపై ఉప్పు, వంటచెఱకు పడవలలో మద్రాసునకు పోయెడివి. ఈ సరస్సున కావలి ఒడ్డుననే, శ్రీహరికోటనుండి, 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు లేచినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 చంద్రునివైపు పయనమైనది. చంద్రునికి దారి చూపిన దీవికిని, చేపలబుట్టతో పడవ దిగు స్త్రీకిని నడుమనున్న దూరము ఈ నీటి వెడల్పు మాత్రమే. ఈ రెండింటిని ఒక్కచూపున చూచిన బాలునికి మన దేశమును గూర్చి ఒక ఉపన్యాసము వినిపింపనక్కఱలేదు.

అయినను నేను చరిత్రకొఱకు ఈ యాత్రను కోరుటలేదు. ఈ నీరు బ్రదుకు విధమును చూచుటకై కోరుచున్నాను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు కురియును. అప్పుడు ఆరణి, కాళంగి మున్నగు ఏరులు సరస్సులో పడి దానిని ఇంచుమించు తీపునీటి చెరువుగా మార్చును. వాన వెలసిన వెనుక సముద్రపు పోటునీరు ముఖద్వారములగుండ లోనికి వచ్చి క్రమముగా ఉప్పదనము పెంచును. వేసవిలో ఎండ కాచి నీరు ఆవిరియైనకొలది కొన్నిచోట్ల సరస్సు సముద్రముకంటెను ఉప్పనైపోవును. లీటరునకు 50 గ్రాములు దాటిన దినములును కలవు. ఉత్తరభాగమున నీరు ఇంకి, నేల తెల్లని పొరతో మెఱయును. ఒకే తావు ఒకే సంవత్సరమున చెరువగును, సముద్రమగును, ఉప్పుమడియగును. దీనికి తగినట్లు బ్రదుక నేర్చిన జీవులే ఇచ్చట నిలుచును.

రొయ్యను చూడుడు. అది సముద్రమున పుట్టును. పిల్లగా నున్నప్పుడే ముఖద్వారముగుండ సరస్సులోనికి ప్రవేశించి, లోతు తక్కువగు ఆ నీటిలో పెరిగి, గ్రుడ్లు పెట్టు వయస్సు రాగానే మరల సముద్రమునకు పోవును. కావున ముఖద్వారము దానికి ఊయలకు, ఇంటికి నడుమనున్న తలుపు. శీతకాలమున వేలకొలదిగా దిగు ఫ్లెమింగో పక్షులు వంకరముక్కును తలక్రిందుగా నీటిలో ముంచి, అందలి నాచును, సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును. వాని ఱెక్కల గులాబిరంగు ఆ ఆహారమునుండి వచ్చినదే. ఈ సరస్సునకు సమీపమున నేలపట్టు గ్రామపు చెరువులో, నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొనును. అవి మేతకు పులికాటునకు పోయి, పిల్లలకు ఆహారము తెచ్చును. వాని రెట్టతో బలిసిన చెరువునీరు పొలములకు ఎరువగుచున్నందున ఆ గ్రామస్థులు పక్షుల రాకను శుభముగా నెంచుదురు, వేటగాండ్రను రానీయరు. చదువురాని రైతులు తరతరములుగా ఆచరించుచున్న ఈ నియమమును ప్రభుత్వమువారు 1976లో పక్షిరక్షణకేంద్రమును ఏర్పఱచి బలపఱచిరి.

ఈ నీటినే నమ్ముకొన్న మనుష్యులు వేలకొలది కలరు. పట్టపువారును, యానాదులును వలవేసి, చేతితో తడవి, రొయ్యలను, పీతలను, చేపలను పట్టి జీవింతురు. ఇరకము వంటి దీవుల ప్రజలు తరతరములుగా పడవపైననే ఒడ్డునకు వచ్చి పోయినవారు. రోగము వచ్చినను, పెండ్లి వచ్చినను పడవయే వారి బండి. సరస్సు దక్షిణపు గ్రామములలో "పాడు" అను ఒక కట్టుబాటు కలదు. మంచి మేటలెవ్వియో, అందు ఏ దినమున ఎవరు వలవేయవలెనో వంతులవారిగా నిర్ణయించుకొందురు. బలవంతుడు ప్రతిదినమును మంచి చోటును ఆక్రమింపరాదు. దుర్బలుడు ప్రతిదినమును వట్టిచేతులతో పోరాదు. పొలమునకు గట్టు వేయవచ్చును కాని నీటికి గట్టు వేయుట యెట్లు? గట్టు లేని ఆస్తిని కలహము లేక పంచుకొనుటకు వీరు కనిపెట్టిన ఉపాయమిది. కాలువనీటి తూము దగ్గఱ రాత్రివేళ జరుగు తగవులను ఎఱిగిన మన గ్రామముల బాలురు దీనిని తప్పక వినవలెను.

రెండు సంవత్సరముల క్రిందట జనవరి నెలలో నేను సహోపాధ్యాయులిరువురితో అచ్చటికి పోయి, తడ సమీపమున భీములవారిపాలెపు రేవులో పడవ నెక్కితిని. పడవ నడపిన వృద్ధుడు తెడ్డు వేయలేదు. పొడవైన గడతో అడుగునేలను పొడుచుచు పడవను త్రోసెను. కొంతదూరము పోయిన వెనుక గడను నిలిపి, నీటిగుఱుతును చూపి, తన చిన్నతనమున ఇచ్చట గడ ఇంకను జానెడు దిగెడిదని చెప్పెను. అతనికి లెక్కలపుస్తకము లేదు. ఆ గడయే అతని కొలబద్ద. సముద్రపు కెరటములు తీరమువెంట ఇసుకను నెట్టుచు ముఖద్వారములను పూడ్చుచున్నవి. ఏరులు తెచ్చు ఒండ్రు సరస్సు అడుగును పైకెత్తుచున్నది. ఏరులలో నీరు తగ్గినకొలది ఆ ఇసుకను బయటకు నెట్టు బలమును తగ్గును. రాయదొరువు మొదలగు చోట్ల పూడిక తీయవలయునని జాలరులు చిరకాలముగా అర్థించుచున్నారు. తలుపు మూసికొనిన రొయ్యపిల్ల లోనికి రాదు; పెరిగినది బయటకు పోదు. వేసవిలో లోపలినీరు మఱింత ఉప్పనై, పిదప ఇంకిపోవును. జాలరి పట్టణమునకు కూలికి పోవును. మన పిల్లలు చూడకముందే ఈ సరస్సులో కొంతభాగము నేలయైపోవునను భయము నాకు కలదు. ఆలస్యము వలదని నేను చెప్పుటకు ఇదియొక కారణము.

ఉప్పునీటి తావులన్నియు ఒక్కతీరున నుండవని కూడ విద్యార్థులు గ్రహింపవలెను. మనకు పులికాటుకంటె సమీపమున, నాందేడునకు ఆవల, మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో లోణారు సరస్సు కలదు. ఆకాశమునుండి ఉల్క పడి నల్లరాతినేలను గ్రుచ్చగా ఏర్పడిన గుండ్రని పల్లమది. అంచునుండి అంచునకు సుమారు 1.8 కిలోమీటర్లు. సముద్రమునకు ఎంతయో దూరమున నున్నను నీరు ఉప్పన, క్షారము. ఆ పల్లపు అంచుననే తియ్యని ఊట దుముకుచున్నది. లవణాసురుని కథ ఆ ఊరివారి నోట నేటికిని వినవచ్చును. 2020 జూన్ నెలలో ఆ నీరు గులాబిరంగు తిరిగినప్పుడు, ఉప్పును ప్రేమించు సూక్ష్మజీవులే కారణమని పండితులు తేల్చిరి. చిన్న తరగతులవారికి ఈ యాత్ర చాలును. దూరము పులికాటులో సగము లేదు. కాని అచ్చట నీరు కలదు, నీటిపై బ్రదుకు జాలరి లేడు. నీటితోపాటు మనుష్యుని చూపవలయునన్న పులికాటునకే పోవలెను.

ఖండాంతరములందును ఇట్టి తావులు కలవు. ఐరోపాలోని రుమేనియా దేశమున సముద్రమునకు దూరముగా కొండలనడుమ ఉప్పు ఊటలు పెక్కు కలవు. అందొకటి లుంకా అను గ్రామము చెంత నున్నది. సుమారు ఎనిమిదివేల సంవత్సరముల క్రిందటనే మనుష్యులు ఆ ఊటనీటిని కాచి ఉప్పు తీసిరని త్రవ్వకములవలన తెలియుచున్నది. ఆ పల్లెలవారు నేటికిని ఊటనీటిని ఇంటికి మోసికొనిపోయి ఆహారపదార్థములు నిలువచేసికొందురు. ఆ దేశముననే సొవాతా అను కొండయూరిలో 1875లో నేల క్రుంగి ఒక సరస్సు ఏర్పడినది. పఱచిన ఎలుగుబంటి చర్మమువలె నుండుటచే దానికి ఎలుగుబంటి సరస్సని పేరు. పైన ఏటినుండి వచ్చిన తేలికయగు తీపునీటి పొర, క్రింద బరువైన ఉప్పునీరు. పైపొర దుప్పటివలె కప్పియుండుటచే ఎండవేడి క్రిందినీటిలో చిక్కుకొని నిలుచును. జనులు దిగి కలచినకొలది ఆ పొరలు చెడును. కావున అచ్చటివారు మధ్యాహ్నమున కొంతసేపు స్నానములను నిలిపివేసి, నీటిని తేరుకొననిత్తురు. ఎంతటివారైనను ఆ వేళ ఒడ్డుననే కూర్చుండవలెను.

ఈ ఒక్క నియమమును నేను మన యాత్రకు మూలసూత్రముగా చేయగోరుదును. సొవాతాలో తీపునీరు, ఉప్పునీరు కలియకుండుట ఆ సరస్సునకు ప్రాణము. పులికాటులో ఆ రెండును కలియుచుండుటయే ప్రాణము. ఒకదానికి మందైనది మఱియొకదానికి విషము. ప్రతి తావునకును దాని ధర్మము కలదు. దానిని తెలిసికొనక పోవు యాత్రికుడు ఎంత మంచివాడైనను హాని చేసియే వచ్చును. కేకలు వేసి పక్షులను లేపి, ఛాయాచిత్రము తీసికొని, తిన్న ఆకులను, సంచులను నీట పాఱవైచి తిరిగివచ్చిన బాలునికి మనము చూపినది సరస్సు కాదు, తన ముఖమునే. సూళ్లూరుపేటలో జనవరి ప్రాంతమున జరుగు పక్షుల పండుగనాడు జనసమూహము మిక్కుటముగా నుండును. ఆ దినములు విడిచి పోవుట మేలు.

ఈ సందర్భమున మన బోధకులకు అలవాటైన ఒక దృష్టాంతమును గూర్చి నా మాట చెప్పుకొందును. గలిలయ సముద్రము పుచ్చుకొని ఇచ్చును గనుక సజీవమనియు, మృతసముద్రము పుచ్చుకొని ఇయ్యదు గనుక మృతమనియు, ఇది లోభివంటిదనియు ప్రసంగములలో వినుచుందుము. నీతి మంచిదే, కాని నీటిపై నింద మోపుట న్యాయము కాదు. బయటకు పోవు దారి దానికి సృష్టిలోనే లేదు. ఈ కాలమున దాని మట్టము ఏటేట ఒక మీటరునకు పైగా పడిపోవుచున్నదన్న, యొర్దాను నీటిని మనుష్యులు పైననే మళ్లించుకొనుటయు, అందలి లవణములకై నీటిని ఇంకించుటయు ముఖ్యకారణములు. పుచ్చుకొని ఇయ్యనివాడెవడో దీనివలన తెలియుచున్నది. ఎలీషా ప్రవక్త యెరికో ఊటను బాగుచేయుటకు చేత పట్టుకొనిపోయినది ఉప్పునే యని మఱువరాదు. సృష్టికర్త ఉప్పునీటిని పనికిమాలినదిగా చేయలేదు. మన కొలబద్ద చిన్నది.

ఇక తలిదండ్రుల ఆక్షేపణలకు వత్తును. మొదటిది వ్యయము. సూళ్లూరుపేట మనకు సుమారు 700 కిలోమీటర్లు. రైలున సికిందరాబాదునకు, అచ్చటినుండి గూడూరు మీదుగా పోవచ్చును. రెండు రాత్రులు రైలులోనే గడచును. వినోదవనపు ప్రవేశరుసుములు, తినుబండారములు లేనందున వ్యయము భయపడినంత కాదు. అయినను పసుపు ధర పడిన సంవత్సరమున ఆ కొంచెమును ఇచ్చుకొనలేని యిండ్లు కలవు. డబ్బుగల పిల్లలు పోయి, లేనివారు గేటువద్ద నిలిచి చూచు యాత్ర మన పాఠశాలకు తగదు. అందఱిని తీసికొనిపోలేనిచో ఎవ్వరిని తీసికొనిపోవలదు. పూర్వవిద్యార్థులును, సంఘపెద్దలును ఒక నిధిని సమకూర్చిననే ఈ పని ఆరంభింపవలెనని నా నిశ్చయము.

రెండవది భయము. నీటిమీది ప్రయాణమన్న తల్లులు బెదరుట సహజము. లోతు తక్కువయని ధైర్యము చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయుని పని కాదు. ప్రతి బాలునికిని తేలుదుస్తు తొడుగవలెను. పడవలో పరిమితికి మించి ఒక్కరిని ఎక్కింపరాదు. గాలి లేచిన దినమున పడవ నెక్కక ఒడ్డునుండియే చూచి తిరిగి రావలెను. శ్రీహరికోటకు పోవు రహదారి సరస్సు నడుమనే సాగును. దానిపైనున్న అటకానితిప్ప వద్ద నిలిచిన, పడవ లేకయే నీటిని, పక్షులను కన్నులార చూడవచ్చును. ముప్పదిమందికి మించకుండ, ప్రతి పదిమందికి ఒక ఉపాధ్యాయుడుండునట్లు పోవుదము.

మూడవది బాలికలను గూర్చినది. బాలురను పంపెదము, ఆడపిల్లలను ఏల అనువారు కలరు. సరస్సు ఒడ్డున చేపలను వేరుచేయుచు, ఎండబెట్టుచు, తలపై మోసికొని పోయి అమ్ముచు సంసారమును నడపు స్త్రీలను చూచిన పిదప ఆ ప్రశ్నను మరల అడుగుడు. మన పసుపుచేలలోను సగము పని స్త్రీలదే కదా. ఉపాధ్యాయినులు వెంటవచ్చుటకు సిద్ధముగా నున్నారు. బాలికలు లేని యాత్రకు నేను వెంట పోను.

నాల్గవది పరీక్షలు. యాత్రవలన మార్కులు వచ్చునాయని అడుగుదురు. రావచ్చును, రాకపోవచ్చును. కాని ఒక పాఠమును మాత్రము చేయించెదను. అటవీశాఖవారి అనుమతితో సముద్రపు నీటిని ఒక సీసాలోను, సరస్సు నీటిని రెండు వేర్వేఱు చోట్ల రెండు సీసాలలోను, ఇంటినుండి తెచ్చిన గోదావరి నీటిని నాల్గవ సీసాలోను పట్టి, ఒక్కొక్క లీటరును ఇగురగాచి, మిగిలిన లవణమును త్రాసులో తూచవలెను. నాలుగు అంకెలు వచ్చును. ఆ నాలుగు అంకెలను నల్లబల్లపై వ్రాసి, వానికి కారణమును విద్యార్థులచేతనే చెప్పింతును. వాన, ఎండ, ఏరు, పోటు, ఇసుక అన్నియు ఆ అంకెలలో నుండును. ఇది విజ్ఞానశాస్త్రము కాదని ఏ పరీక్షాధికారియు అనజాలడు.

కాలమును గూర్చి ఒక్క మాట. పసుపు త్రవ్వకము ముమ్మరమగు దినములలో పిల్లలను దూరము చేసిన ఇంటివారికి కష్టము. క్రిస్మసు ఇంటివద్దనే జరుపుకొనవలసిన పండుగ. కావున సంక్రాంతి సెలవులే తగిన సమయము. అప్పటికి వానలు వెలసియుండును, సరస్సున నీరుండును, పక్షులుండును. పోవునప్పుడు మనము వట్టిచేతులతో పోరాదు. ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి పసుపుకొమ్ములు కొన్ని పొట్లము కట్టుకొని, ఆ దీవుల పాఠశాలలోని బాలురకు ఈయవలెను. అవి నేలలో ఎట్లు పెరుగునో వారికి చెప్పవలెను. వారు తమ వలను గూర్చి, గాలిని గూర్చి, ముఖద్వారమును గూర్చి చెప్పుదురు. ఒకరు చెప్పువారు, మఱియొకరు వినువారు కాక, ఇరువురును చెప్పి వినుట జరుగవలెను. వీలైన మఱుసటి సంవత్సరము వారిని మన ఊరికి పిలిచి, పసుపు ఉడుకు కడాయిలను, సిద్ధులగుట్ట రాళ్లను చూపవలెను. పడవవానికి బేరమాడక న్యాయమైన కూలి ఈయవలెను. మధ్యాహ్నభోజనము ఆ గ్రామస్థులచేతనే వండించి, దానికి వెల చెల్లింపవలెను. దయచేయుటకు మనము పోవుటలేదు, నేర్చుకొనుటకు పోవుచున్నాము. గురువునకు దక్షిణ ఇచ్చుట మన మర్యాద.

దీనివలన ముఖద్వారపు ఇసుక తొలగునాయని ఎవరైన అడిగిన, తొలగదనియే చెప్పుదును. ముప్పదిమంది పిల్లలు చూచినంతమాత్రమున సరస్సు లోతు కాదు. కాని మన పాఠశాలలో చదివినవారు ఇంజనీర్లయిరి, ఉపాధ్యాయులైరి, ప్రభుత్వోద్యోగులైరి, ఇకముందును అగుదురు. ఏదో ఒకనాడు ఒక కాగితముపై ఏ ఏటికి అడ్డుకట్ట కట్టవలెనో, ఏ పూడికను తీయవలెనో, ఏ తీరమును ఎవరికి ఈయవలెనో వారిలో ఒకరు సంతకము చేయవలసివచ్చును. ఆ దినమున "ఉప్పునీరే కదా" అని తలపక, నీటిలో నిలిచిన గడను, వల విదల్చు చేతిని, లోనికి వచ్చు రొయ్యపిల్లను జ్ఞప్తికి తెచ్చుకొనిన చాలును. చూడనిదానిని కాపాడుట మిక్కిలి కష్టము. ఎఱుగనిదానిని పాడుచేయుట మిక్కిలి సులభము.

తలిదండ్రులును, పూర్వవిద్యార్థులును తమ తమ అభిప్రాయములను పాఠశాల తెఱచిన మొదటి మాసములోనే ప్రధానోపాధ్యాయులవారికి తెలుపగోరెదను. విరుద్ధాభిప్రాయములను కూడ వ్రాయుడు. సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము. విద్యార్థులారా, మీరు మాత్రము ఇప్పటినుండియే ఒక పని చేయుడు. మీ యింటి బావినీటిని, కాలువనీటిని, గొట్టపుబావి నీటిని వేర్వేఱుగా ఇగురగాచి, అడుగున ఏమి మిగులునో చూచి వ్రాసికొనుడు. పులికాటు నీటిని తూచుదినమున ఆ లెక్కలు మనకు కావలసియుండును.